సున్నా సున్నా అంటే ఏ ఏడాది?

మీ ఇంట్లోనో, మీరు పనిచేసే సబ్‌బ్రోకర్ ఆఫీసులోనో పాతికేళ్ళ కిందటి కంప్యూటర్ ఇంకా ఉంటే, దాన్ని తుక్కుకు అమ్మే ముందు ఈ అధ్యాయం చదవండి. అందులో ఉన్న షేర్ల ధరలు, ఖాతాల లెక్కలు మళ్ళీ దొరకనివి కావచ్చు. అలాగని వాటిని ఉన్నవి ఉన్నట్టుగా కొత్త మెషీన్‌లోకి ఎక్కించుకుంటే చిక్కుల్లో పడతారు. ఆ రోజుల్లో చాలా సాఫ్ట్‌వేర్‌కి ఏడాది అంటే రెండంకెలే. 99 తర్వాత 00 వస్తే అది 1900 అనుకోవాలో 2000 అనుకోవాలో దానికి ఎవరూ చెప్పలేదు.

చంద్రపూర్ పాఠకులను మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను. పెద్దవాళ్ళు ఇప్పటికీ చాందా అనే ఈ ఊళ్ళోనూ, చుట్టుపక్కల బల్లార్‌పూర్, ఘుగ్గుస్, రాజురాల్లోనూ ఎన్నో తెలుగు కుటుంబాలు స్థిరపడ్డాయి. బొగ్గు గనుల్లో, పేపరు మిల్లులో, థర్మల్ స్టేషన్‌లో జీతం చేసిన మనిషి మిగిల్చిన సొమ్ములో కొంత షేర్లలో పెట్టాడంటే అది కష్టపడ్డ డబ్బు. ఎన్‌ఎస్‌ఈ 1994లో శాటిలైట్ డిష్‌ల సాయంతో తెర మీద లావాదేవీలు మొదలుపెట్టాక, బీఎస్‌ఈ 1995లో బోల్ట్ అనే తన వ్యవస్థ తెచ్చాక, ముంబైకి ఎంత దూరంలో ఉన్న ఊరికైనా మార్కెట్ తలుపు తెరుచుకుంది. ఆ తలుపు వెంటే కంప్యూటర్లు వచ్చాయి, చార్టులు గీసే ప్రోగ్రాములు వచ్చాయి, ఫాక్స్‌ప్రోలో రాసిన ఖాతా పుస్తకాలు వచ్చాయి. వాటన్నిటినీ ఐదారేళ్ళలోనే ఒకే ప్రశ్న చుట్టుముట్టింది.

మనకు ఈ ప్రశ్న కొత్తది కాదు. ఒక పెద్దాయన "నేను ప్రమాది నామ సంవత్సరంలో పుట్టాను" అన్నాడనుకోండి. ప్రమాది 1939లో వచ్చింది, 1999లోనూ వచ్చింది. అరవై ఏళ్ళ చక్రంలో పేరు ఒక్కటే చెబితే ఏ చుట్టో తెలియదు. ఆయన నెరిసిన జుట్టు చూసి 1939 అని మనమే సర్దుకుంటాం. శాసనాలు చెక్కించినవాళ్ళు మాత్రం చూసేవాడి అంచనాకు వదల్లేదు. చాలా శాసనాల్లో శక సంవత్సరం అంకె, సంవత్సరం పేరు, మాసం, తిథి, వారం అన్నీ కలిపి కనిపిస్తాయి. అంకె ఒకటి చెరిగిపోయినా మిగతావి దాన్ని పట్టిస్తాయి. వారం సరిపోకపోతే చరిత్రకారుడు ఆ తేదీని వెంటనే ఒప్పుకోడు. ఈ అధ్యాయంలో మీరు నేర్చుకోబోయే పరీక్షలో సగం ఇదే.

రెండంకెలు వాడింది తెలివితక్కువవాళ్ళు కాదు. పంచ్ కార్డులో 80 గళ్ళే ఉన్న కాలంలో తేదీకి రెండు గళ్ళు మిగలడం అంటే నిజంగా మిగులే. దీనివల్ల చిక్కు వస్తుందని బాబ్ బెమర్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ 1971లోనే అచ్చులో హెచ్చరించాడు. విన్నవాళ్ళు తక్కువ. రాసిన ప్రోగ్రాం ముప్ఫై ఏళ్ళు బతుకుతుందని రాసినవాడే నమ్మలేదు.

ఇక అసలు పనిలోకి దిగుదాం. ట్రేడింగ్ సాఫ్ట్‌వేర్‌లో తేదీ తప్పు ఎక్కడ దాక్కుంటుందో తెలియాలంటే ఒక నిజమైన ఉదాహరణ లోపలికి వెళ్ళి చూడాలి. మెటాస్టాక్ తీసుకోండి. అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో ఈక్విస్ అనే కంపెనీ తయారుచేసిన ఈ చార్టుల ప్రోగ్రాంని మన దేశంలోనూ చాలామంది వాడారు. ఒక్కో షేరుకు ఒక్కో ఫైలు ఉంటుంది. ఒక్కో రోజుకు 28 బైట్ల వరుస. తేదీ, ఓపెన్, హై, లో, క్లోజ్, వాల్యూమ్, ఓపెన్ ఇంటరెస్ట్ అని ఏడు గళ్ళు, గడికి నాలుగు బైట్లు. తేదీ కూడా ధరలాగే ఒక సంఖ్య. 1999 డిసెంబర్ 30 అంటే 991230. మరి 2000 జనవరి 3? అది 1000103 అవుతుంది. అంటే ఏడాదిలోంచి 1900 తీసేసి, మిగిలిన 100 పక్కన నెల, రోజు పేర్చారు. ఇదే పద్ధతి ఒమేగా రీసెర్చ్ వాళ్ళ ట్రేడ్‌స్టేషన్‌లోనూ ఉంది. 2026 అంటే ఆ భాషలో 126.

హాయిగా 20000103 అని ఎనిమిది అంకెలూ రాయొచ్చు కదా అని మీకు అనిపిస్తుంది. ఇక్కడే ఆగి లెక్క చూడండి. ధరల కోసం దశాంశాలు కూడా పట్టేలా చేసిన ఆ నాలుగు బైట్ల గడిలో పూర్ణసంఖ్యలు తప్పు లేకుండా పట్టేది 16777216 వరకే. అది దాటితే సరిసంఖ్యలే నిలుస్తాయి. 20000103ని అందులో పెడితే మూడో తేదీ రెండో తేదీగానో నాలుగో తేదీగానో మారిపోతుంది. ఏడంకెల పద్ధతిలో ఆ ప్రమాదం లేదు. పైగా 1000103 అనేది 991230 కన్నా పెద్దది కాబట్టి రోజులు వరుస తప్పవు. పాత ఫైలు ఒక్కటీ మార్చనక్కర్లేదు. చూడటానికి వింతగా ఉన్న ఆ అంకె వెనక ఇంత ఆలోచన ఉంది. పాత సాఫ్ట్‌వేర్‌లో ఏదైనా వింతగా కనిపిస్తే, దాన్ని దిద్దే ముందు అది అలా ఎందుకుందో ఒక పూట ఆలోచించండి. ఈ పనిలో మీకు అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడే అలవాటు ఇదేనని నా గట్టి నమ్మకం.

ప్రోగ్రాం సరిగ్గా ఉన్నా దాని ఫైళ్ళను చదివే చిన్న చిన్న పనిముట్లు సరిగ్గా లేకపోవచ్చు. ఎడమవైపు నుంచి రెండేసి అంకెలు తుంచుకుపోయే పనిముట్టుకు 1000103 ఇస్తే ఏడాది 10, నెల 00 అంటుంది. 1900 కలపాల్సిన చోట ముందు 19 అతికించేదానికి ఇస్తే 19100 అంటుంది. ఈ రెండోది 2000 జనవరి 1న అమెరికా నౌకాదళ పరిశీలనాలయం వెబ్‌సైట్ మీదే కనిపించింది. దేశానికి సమయం చెప్పే సంస్థ అది. అక్కడ గడియారంలో ఏ తప్పూ లేదు, తేదీని తెర మీద చూపించే చోట తప్పుంది.

ఫాక్స్‌ప్రో, క్లిప్పర్ ఖాతాల్లో కథ వేరు. వాటి డీబీఎఫ్ ఫైలులో తేదీ గడి ఉంటే అందులో ఏడాదికి నాలుగంకెలూ ఉంటాయి, 20000105 అని. డిస్క్ మీద ఏ లోపమూ లేదు. లోపమంతా కీబోర్డు దగ్గర. తెర మీద రెండంకెల ఏడాదే కనిపిస్తుంటే, గుమాస్తా 05/01/00 అని కొడతాడు, ప్రోగ్రాం దాన్ని 1900గా రాసుకుంటుంది. తెర మీద మళ్ళీ 05/01/00 అనే చూపిస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఫాక్స్‌ప్రోలో 'సెట్ సెంచరీ ఆన్' అన్న ఒక్క ఆజ్ఞ ఇస్తే దాగి ఉన్న 1900లన్నీ తెర మీద బయటపడతాయి. క్లిప్పర్‌లో 'సెట్ ఇపాక్' అనే ఆజ్ఞతో రెండంకెల ఏడాదిని ఎక్కడి నుంచి లెక్కపెట్టాలో చెప్పొచ్చు. అయితే ఆ ఆజ్ఞ ఇకమీదట కొట్టే తేదీలకే వర్తిస్తుంది. అప్పటికే లోపలికి వెళ్ళిపోయిన 1900లను ఒక్కొక్కటిగా వెతికి దిద్దాల్సిందే.

ఈ తప్పు డబ్బు మీద ఎలా పడుతుందో చిన్న లెక్క వేసి చూద్దాం. ఒక ఖాతాదారు పదివేల రూపాయలు బాకీ. వడ్డీ ఏడాదికి 18 శాతం. 1999 డిసెంబర్ 28 నుంచి 2000 జనవరి 5 వరకు ఎనిమిది రోజులు. వడ్డీ నలభై రూపాయలకు కాస్త తక్కువ. జనవరి 5 కాస్తా 1900లో పడితే రోజుల తేడా మైనస్ 36,516. అప్పుడు వడ్డీ మైనస్ ఒక లక్షా ఎనభై వేలు. అంటే బ్రోకరే ఖాతాదారుకు బాకీ పడ్డట్టు లెక్క తేలుతుంది. అప్పట్లో కొన్న షేర్లకు డబ్బు కట్టడం, అమ్మినవాటికి డబ్బు రావడం రోజుల తరబడి సాగేవి. డిసెంబర్‌లో జరిగిన లావాదేవీకి జనవరిలో చెల్లింపు. అందుకే ట్రేడింగ్ జరిగే తెర కన్నా వెనక గదిలో ఉండే ఖాతాల సాఫ్ట్‌వేర్‌కే ఆ వారాల్లో ముప్పు ఎక్కువ.

మైనస్ లక్షా ఎనభై వేలు అని వస్తే మేలే, ఎవరో ఒకరు అరుస్తారు. నన్ను భయపెట్టేది నమ్మదగినట్టు కనిపించే తప్పు. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఒక ఆసుపత్రి కంప్యూటర్ 2000 మొదట్లో గర్భిణుల వయసు తప్పుగా లెక్కగట్టింది. దాంతో నూట యాభై మందికి పైగా ఆడవాళ్ళకు పుట్టబోయే బిడ్డలో డౌన్ సిండ్రోమ్ వచ్చే అవకాశం గురించి తప్పు ఫలితాలు వెళ్ళాయి. నెలల తరబడి ఎవరూ గమనించలేదు. మెషీన్ ఆగలేదు, తెర నల్లబడలేదు, కాగితం మీద అంకెలు మామూలుగానే వచ్చాయి. చార్టులో కూడా అంతే. రెండు వందల రోజుల సగటు గీతలోకి నలభై రోజులు తప్పు చోటి నుంచి వచ్చి చేరితే గీత ఇంకా నున్నగానే ఉంటుంది. దాన్ని చూసి మీరు కొంటారు.

ఏ శతాబ్దమో చెప్పకపోతే ఏమవుతుందో పిల్లలకు వివరించడానికి పెద్ద పదాలు అక్కర్లేదు. మేనమామ పాత కంప్యూటర్‌లోని ధరలను ల్యాప్‌టాప్‌లోకి ఎక్కిస్తున్న ఒక డిగ్రీ అమ్మాయిని ఊహించుకోండి.

"మామా, ఈ చార్టు ఉల్టా వస్తుందేంది? 2000 రేట్లు మొదట్ల ఉన్నయ్, 1999వి చివర్ల ఉన్నయ్."

"ఉల్టా కాలేదు బిడ్డా. తొంభై తొమ్మిది కన్నా సున్నా చిన్నదే గదా, గట్లనే పేర్చింది. ఏ నూరేళ్ళో మనం చెప్పలే, అది అడగలే."

"మరి ఇప్పుడెట్ల చెప్పాలె?"

చెప్పడానికి మూడు దారులున్నాయి. మూడింటిలో ఒకటే శాశ్వతం. మిగతా రెండూ గడువున్న అప్పులాంటివే, కానీ వాటినే ఎక్కువమంది వాడారు.

శాశ్వతమైనది, ఏడాదిని నాలుగంకెలకు పెంచి రాయడం. ఫైలు నిర్మాణం మారుతుంది, దాన్ని చదివే ప్రతి ప్రోగ్రామూ మారాలి. ఖర్చు, శ్రమ. రెండోది కిటికీ పద్ధతి. 50 కన్నా తక్కువైతే 2000లు, 50 నుంచి పైకి 1900లు అని ఒక గీత గీస్తారు. ఫైళ్ళు ముట్టుకోనక్కర్లేదు, నాలుగు వాక్యాల కోడ్ చాలు. 1999లో సమయం మించిపోతున్నప్పుడు ఇదే ఆదుకుంది. దీన్ని నేను తప్పుపట్టను. కానీ ఆ గీత దగ్గరికి కాలం నడిచి వస్తుంది. ఎక్సెల్ ఏళ్ళ తరబడి పాటించిన నియమం ప్రకారం 29 వరకు కొడితే 2000లు, 30 నుంచి 1900లు. వచ్చే నాలుగైదేళ్ళలో తీరే ఫిక్స్‌డ్ డిపాజిట్ తేదీని 15-06-31 అని కొట్టి, ఆ గడిలో నాలుగంకెల ఏడాది కనిపించేలా చేసి చూడండి. కొన్ని మెషీన్లలో 1931 అంటుంది, సెట్టింగు మారిన కొన్నిటిలో 2031 అంటుంది. మీది ఏమంటుందో మీ చేత్తో పరీక్షించి తెలుసుకోవాలి. 2023 నవంబర్‌లో మన ప్రభుత్వం మొదటిసారి యాభై ఏళ్ళ బాండు వేలం వేసింది, అది 2073లో తీరుతుంది. రిజర్వ్ బ్యాంకు రిటైల్ డైరెక్ట్ ద్వారా 2021 నుంచి మామూలు మనుషులూ ఇలాంటి బాండ్లు కొనుక్కోవచ్చు. ఆ తీరే ఏడాదిని 73 అని కొట్టారో, మీ పెట్టుబడి 1973లోనే తీరిపోయినట్టు పట్టిక చెబుతుంది.

మూడోది తెలివైన ఉపాయం. 1901 నుంచి 2099 వరకు మన క్యాలెండర్ 28 ఏళ్ళకోసారి వారాలతో సహా తిరిగి వస్తుంది. 2000, 1972 రెండూ శనివారంతో మొదలైన లీపు సంవత్సరాలు. సోర్స్ కోడ్ లేని, 1999 దాటలేని ప్రోగ్రాంకి ప్రతి తేదీలోనూ 28 తీసేసి ఇస్తే, అది 1972 అనుకుంటూ బుద్ధిగా పనిచేస్తుంది. బయటికి వచ్చినదానికి మళ్ళీ 28 కలుపుకోవాలి. వారాలు సరిపోతాయి, ఫిబ్రవరి 29 సరిపోతుంది, దీపావళి మాత్రం సరిపోదు కాబట్టి సెలవుల పట్టిక వేరే ఇవ్వాలి. మీ దగ్గర ఇలా నడుస్తున్నది ఏదైనా ఉంటే ఇప్పుడే లెక్క చూసుకోండి. 2026లోంచి 28 తీస్తే 1998. 2027లోంచి తీస్తే 1999. 2028 జనవరిలో అది మళ్ళీ 2000 ముందు నిలబడుతుంది. తప్పించుకున్నామనుకున్న రాత్రే తిరిగి వస్తుంది.

గడువు పెట్టి మరచిపోతే ఏమవుతుందో చూడండి. న్యూయార్క్ నగరంలో 2020 జనవరి 1న వేల పార్కింగ్ మీటర్లు కార్డులు తీసుకోవడం మానేశాయి. కార్డు చెల్లింపుల సాఫ్ట్‌వేర్‌లో పెట్టిన గడువు తేదీ ఆ రోజుతో తీరింది, దాన్ని ముందుగా పొడిగించాలని ఎవరికీ గుర్తులేదు. గడువు పెట్టినందుకు కాదు, దాన్ని అందరికీ కనిపించే చోట రాసిపెట్టనందుకు ఆ నగరం ఇబ్బంది పడింది.

ఇప్పుడు మీ ఫైళ్ళ దగ్గర కూర్చోండి. మొట్టమొదట, పాత మెషీన్‌లో ఉన్నదాన్ని ముట్టుకోకుండా పూర్తి నకలు తీయండి. ఒకటి కాదు, రెండు, వేర్వేరు చోట్ల. పనంతా నకలు మీదే. పాత కంప్యూటర్ గడియారాన్ని ముందుకు తిప్పి ఏమవుతుందో చూద్దామనే ఆశ పుడుతుంది. అసలు మెషీన్ మీద ఆ పని చేయకండి. లైసెన్సు గడువు అయిపోయిందనుకుని ప్రోగ్రాం మొరాయించవచ్చు, పాతబడ్డ రికార్డులను తనంతట తానే చెరిపేసే ఏర్పాటు ఉంటే అది మేలుకోవచ్చు.

తర్వాత ఫైలులో అసలు ఏముందో చూడండి. చార్టు కాదు, అంకెలు. ఎక్సెల్‌లో నేరుగా తెరవడం కన్నా నోట్‌ప్యాడ్ లాంటిదానిలో తెరవడం క్షేమం, ఎందుకంటే 000103 అనే తేదీని ఎక్సెల్ సంఖ్య అనుకుంటే ముందున్న సున్నాలు ఎగిరిపోయి 103 మిగులుతుంది. 010203 అని ఉంటే ఇంకా జాగ్రత్త. అది 2001 ఫిబ్రవరి 3 కావచ్చు, 2003 ఫిబ్రవరి 1 కావచ్చు, అమెరికా పద్ధతిలో 2003 జనవరి 2 కావచ్చు. ఆ ఒక్క వరుస చూసి ఎవరూ తేల్చలేరు. కిందికి దిగుతూ 12 దాటిన అంకె ఏ స్థానంలో వస్తుందో చూడండి. 13 నుంచి 31 వరకు కనిపించే చోటు రోజుది. ఎన్‌ఎస్‌ఈ రోజువారీ ధరల పట్టిక అయిన భావ్‌కాపీలో ఏళ్ళ తరబడి 03-JAN-2000 తరహాలో నెలను అక్షరాల్లో రాసేవారు. ఆ మూడు అక్షరాల వల్ల ఎంత గొడవ తప్పిందో ఈ పని చేస్తే తెలుస్తుంది.

ఇప్పుడు శాసనాలు చదివేవాళ్ళ పరీక్ష. తేదీ పక్కన వారం వేయించండి. 2000 జనవరి 3 సోమవారం. 1900 జనవరి 3 బుధవారం. మీ ప్రోగ్రాం బుధవారం అంటే అది ఏ శతాబ్దిలో ఉందో మీకు తెలిసిపోయింది. ఫైలు మొత్తం మీద శని, ఆదివారాలు ఎన్ని వచ్చాయో లెక్కపెట్టండి. ఒకటీ అరా ఉండొచ్చు. 2023లో ముహూరత్ ట్రేడింగ్ ఆదివారం జరిగింది, 2025 బడ్జెట్ శనివారం వచ్చింది. గుంపులుగా కనిపిస్తే మాత్రం తేదీలు పక్కకు జరిగాయని అర్థం. దాదాపు ప్రతి వారం ఒకటి రెండు వరుసలు శని, ఆదివారాల మీద పడుతుంటే, మీరు చదువుతున్నది వేరే ఏడాది క్యాలెండర్.

2000 ఫిబ్రవరి 29ని ప్రత్యేకంగా వెతకండి. వందతో భాగించబడే ఏళ్ళు లీపు కావు, నాలుగు వందలతో భాగించబడితే మళ్ళీ లీపే. నాలుగేళ్ళకోసారి అనే ఒక్క నియమమే తెలిసినవాడు 2000ని సరిగ్గా రాశాడు. మూడూ తెలిసినవాడూ సరిగ్గా రాశాడు. రెండు తెలిసి మూడోది తెలియనివాడే ఆ రోజును క్యాలెండర్‌లోంచి తీసేశాడు. సగం తెలిసిన నియమం ఎంత ప్రమాదమో ఇంతకంటే స్పష్టంగా నాకెక్కడా కనిపించలేదు. పైగా మన మార్కెట్‌కి అది మామూలు మంగళవారం కాదు, యశ్వంత్ సిన్హా కేంద్ర బడ్జెట్ ప్రవేశపెట్టిన రోజు. మీ ఫైలు ఆ రోజును పోగొట్టుకుంటే ఆ ఏడాదిలోని పెద్ద కదలికల్లో ఒకదాన్ని పోగొట్టుకున్నట్టే. మార్చి 1 వరుసలో ఉన్న ధర నిజానికి ఫిబ్రవరి 29ది అయ్యే అవకాశమూ ఉంది. ఆ రెండు రోజులకూ భావ్‌కాపీ పక్కన పెట్టి సరిచూడండి.

దిద్దిన తర్వాత కూడా నమ్మేయకండి. అందరికీ గుర్తున్న రోజులు కొన్ని తీసుకుని చార్టు మీద వేలు పెట్టి చూడండి. 2004 మే 17న ఎన్నికల ఫలితాల తర్వాత మార్కెట్ కుప్పకూలి ట్రేడింగ్ ఆపాల్సి వచ్చింది. 2009 మే 18న మళ్ళీ ఎన్నికల ఫలితాలకే పై సర్క్యూట్ తగిలింది. 2020 మార్చి 23న కోవిడ్ భయంతో సెన్సెక్స్ ఒక్క రోజులో సుమారు 13 శాతం పడింది. మూడూ సోమవారాలే. ఆ పెద్ద కడ్డీలు మీ చార్టులో ఆదివారమో మంగళవారమో కనిపిస్తే మీ దిద్దుబాటులోనే ఒక రోజు జారింది. ఇలా ఒక రోజు జారడానికి పాత స్ప్రెడ్‌షీట్లు కూడా కారణం కావచ్చు. 1900ని లీపు సంవత్సరంగా లెక్కించే పొరపాటు లోటస్ 1-2-3లో ఉండేది. దానితో పొంతన కోసం ఎక్సెల్ దాన్ని తెలిసే ఉంచుకుంది. పాత మ్యాక్ ఎక్సెల్ ఫైళ్ళు 1904 నుంచి రోజులు లెక్కపెడతాయి కాబట్టి, అలాంటి ఫైలులోంచి తేదీలు నకలు చేస్తే ఏకంగా 1462 రోజులు తేడా వస్తుంది. సరిగ్గా 1462 కనిపిస్తే కారణం వెతుక్కుంటూ కూర్చోకండి, అదే.

ఇంత శ్రమ ఎందుకు, కొత్త డేటా కొనుక్కుంటే పోదా అనే మాట న్యాయమైనదే. ఎన్‌ఎస్‌ఈ షేరుకైతే ఆ పనే మంచిది. కానీ హైదరాబాద్ స్టాక్ ఎక్స్ఛేంజ్ 1943లో పుట్టి, 2007లో గుర్తింపు కోల్పోయింది. అలాంటి ప్రాంతీయ ఎక్స్ఛేంజీల్లోనే తిరిగిన చిన్న కంపెనీల ధరలు ఇవాళ దొరకడం కష్టం. మీ నాన్నగారు చేత్తో కొట్టి దాచుకున్న ఫైలే దానికి సాక్ష్యం కావచ్చు. వారసత్వంగా వచ్చిన షేర్ల కొనుగోలు ధర తేల్చాల్సి వచ్చినప్పుడు ఆ పాత ఖాతా పట్టిక కుటుంబానికి కావలసి రావచ్చు.

ఈ పని చేయగలిగిన మనుషుల గురించి ఒక మాట చెప్పాలి. 1990ల చివర హైదరాబాద్ అమీర్‌పేటలో కోబాల్, మెయిన్‌ఫ్రేమ్ కోర్సుల బోర్డుల కింద వందల మంది కుర్రవాళ్ళు బారులు తీరారు. కొందరు బల్లార్షాలో రైలెక్కి కాజీపేట మీదుగా వెళ్ళినవాళ్ళు. 1998లో అమెరికా హెచ్1బి వీసాల పరిమితిని 65,000 నుంచి 1,15,000కు పెంచింది. పాత కోడ్‌లో తేదీలు దిద్దే పనికి వచ్చిన గిరాకీతో సత్యం లాంటి హైదరాబాద్ కంపెనీలూ పెరిగాయి. వాళ్ళు చేసింది కొత్త ప్రోగ్రాం రాయడం కాదు. ఎవరో ఎప్పుడో రాసిన లక్షల వాక్యాల్లో తేదీ ఎక్కడ దాగి ఉందో వెతకడం, దిద్దడం, పరీక్షించడం. అమెరికాలో షేర్ల సంస్థలు 1999 మార్చి, ఏప్రిల్‌లలో కలిసి మార్కెట్ మొత్తాన్ని ఉత్తుత్తి తేదీలతో నడిపి చూశాయి. ఆఖరికి 2000 జనవరి 3న మార్కెట్లు మామూలుగా తెరుచుకున్నాయి. దాంతో చాలామంది ఇదంతా ఉట్టి హడావిడి అనేశారు. నేను ఒప్పుకోను. ఏమీ జరగకపోవడం వాళ్ళ పని ఫలితం. పాత కోడ్‌ని గౌరవంగా, ఓపికగా చదవగలిగే మనిషికి ఇప్పుడూ గిరాకీ ఉంది. బ్యాంకుల్లో, బీమా కంపెనీల్లో ఆ కోడ్ ఇంకా నడుస్తోంది. కొత్త భాషలు నేర్చుకుంటున్న చంద్రపూర్ పిల్లలు దీన్ని చిన్నచూపు చూడొద్దని నా కోరిక.

వాళ్ళకు పనికొచ్చే తేదీ ఒకటి దగ్గర్లోనే ఉంది. చాలా కంప్యూటర్లు 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెడతాయి. ఆ లెక్కను 32 బిట్ల గడిలో దాచుకున్న పాత ప్రోగ్రాములకు 2038 జనవరి 19న గడి నిండిపోతుంది. మన సమయం ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లు. మంగళవారం. ఇప్పటి వేళలే ఉంటే ప్రీ-ఓపెన్ మొదలవడానికి పదహారు నిమిషాల ముందు. ఎన్‌ఎస్‌ఈ తన ట్రేడింగ్ సందేశాల్లో సెకన్లను 1980 జనవరి 1 నుంచి లెక్కపెడుతుంది, కాబట్టి అలాంటి గడినే వాడే ప్రోగ్రాంకి ఆ అంకెల వరకు పదేళ్ళు అదనంగా, 2048 జనవరి 19 దాకా ఉంది. ఈ రెండు ప్రారంభ తేదీలనూ కలగలిపిన ప్రోగ్రాం రాస్తే ప్రతి లావాదేవీ తేదీ పదేళ్ళు పక్కకు జరుగుతుంది. అది ఇవాళే జరగగల తప్పు, 2038 దాకా ఆగనక్కర్లేదు. ఇరవై ఏళ్ళ గృహరుణం వాయిదాల పట్టిక 2018 నుంచే ఆ తేదీని దాటుతోంది. ముప్ఫై ఏళ్ళ బాండైతే ఇంకా ముందే దాటింది.

కాబట్టి ఈ వారాంతంలో ఒక పని పూర్తి చేయండి. దిద్దిన ఫైళ్ళున్న ఫోల్డరులోనే ఒక చిన్న టెక్స్ట్ ఫైలు పెట్టండి, దాన్నే కాగితం మీద రాసి ఖాతా పుస్తకంలోనూ అతికించండి. ఈ ధరలు ఏ ప్రోగ్రాంలోంచి వచ్చాయి, తేదీ ఏ రూపంలో ఉంది, రోజు ముందా నెల ముందా, రెండంకెల ఏడాదిని ఏ గీత దగ్గర విడదీశారు, ఆ గీత ఏ ఏడాదితో చెల్లిపోతుంది, ఏ రోజులను భావ్‌కాపీతో సరిచూశారు, ఎవరు దిద్దారు, ఎప్పుడు. ఆ చివరి తేదీలో ఏడాదిని నాలుగంకెల్లో రాయండి. పక్కన వారం కూడా వేయండి.